జంబాష్ ఎవరి పళ్ళెంలో

కోడ్ రాసేవాళ్ళు చాలా గొప్పవాళ్ళు. కాదని నేననను. వాళ్ళు తప్ప మిగతావాళ్ళెవరూ పని చేయలేదంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ప్రోగ్రామ్ పేరు అశూ, అంటే కొండ కనుమ. ఏ కనుమ మంచుతో మూసుకుపోయిందో, ఏ పచ్చిక దగ్గర నీళ్ళున్నాయో గొర్రెల కాపర్లకు ఫోన్‌లో చూపిస్తుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, దాని కోడ్ తెరిచి మార్చుకోవచ్చు. ఎల్దియార్, అతని స్నేహితులు మా రాజధాని బిష్కెక్‌లో కూర్చుని ఆ కోడ్ రాశారు. కాపర్లు ఫోన్ చేస్తే ఎత్తి సమాధానం చెప్పింది నేను, జిపార్‌ని. వాడే విధానమంతా కిర్గిజ్‌లో రాసిందీ నేనే. మ్యాప్ తప్పు చూపించిన దారుల్లో గుర్రమెక్కి తిరిగిందీ నేనే. మ్యాప్ మీది గుర్తులన్నీ నా స్నేహితురాలు సాయిరగుల్ గీసింది.

కొత్త వెర్షన్ విడుదలకు ముందు ఒక ఓటింగు పెట్టుకున్నాం. పాత ఫోన్లలో కూడా అశూ పనిచేసేలా ఉంచుదామా, వాటిని వదిలేద్దామా అని. కొండల మీద కాపర్లలో సగం మందివి పాత ఫోన్లే. వదిలేస్తే వాళ్ళు మందను తోలుకుని మూసుకుపోయిన కనుమ దాకా పోతారు, మంచులో ఇరుక్కుంటారు. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. కానీ ‘తోడ్పడినవారు’ పేజీలో పేరున్నవాళ్ళకే ఓటు. ఆ పేజీని తయారుచేసేది ఒక యంత్రం, అది లెక్కపెట్టేది కోడ్‌నే. నా పేరు లేదు. సాయిరగుల్ పేరూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎల్దియార్ ఇంటి పెరట్లో విందు. గొర్రెను కోశారు. మాలో మాంసం చేతికొచ్చినట్టు పంచరు, ఒక్కో ఎముకకు ఒక్కో హోదా ఉంటుంది. జంబాష్, అంటే తుంటి ఎముక, బల్ల దగ్గరున్న పెద్దవాళ్ళకి. ఎల్దియార్‌కి ఆ రోజు కొత్త తెలివి పుట్టింది.

“ఇది ప్రాజెక్టు విందు. వయసు లెక్క కాదమ్మా, పని లెక్క. పేజీలో ఎవరి పేరు ముందుంటే వాళ్ళకే జంబాష్,” అన్నాడు.

అతని తల్లి, మేమంతా అమ్మలా ఆపా అని పిలిచే బాక్తిగుల్, జంబాష్ పళ్ళెం పట్టుకుని నిలబడింది. “సరే, చదువు మరి. చెయ్యి లాగేస్తోంది.”

అతను లాప్‌టాప్ తెరిచి గొంతు సవరించుకున్నాడు. “మొదటి పేరు, తుల్పార్.”

“ఎవర్రా తుల్పార్? రాలేదా? ఆకలేసి ఎటైనా పోయాడా?”

తుల్పార్ మనిషి కాదు. కోడ్‌లో పాతబడిన భాగాలను తనంతట తానే తీసి కొత్తవి పెట్టే బాట్ అనే ప్రోగ్రామ్. రోజూ ఏదో ఒకటి మారుస్తుంది కాబట్టి యంత్రం లెక్కలో అదే అందరికంటే పెద్దది. ఎల్దియార్ మొహం కందగడ్డ అయింది.

“బాట్ అమ్మా అది. మనిషి కాదు.”

“నోరే లేనిదానికి జంబాషేంట్రా?” అంటూ ఆపా ఆ పళ్ళేన్ని తీసుకెళ్ళి అందరికంటే పెద్దవాడైన తన అన్నగారి ముందు పెట్టేసింది. పెరడంతా నవ్వులు.

“ఇన్నాళ్ళూ పేజీ పైన ఎవరున్నారో చూడలేదా తమ్ముడూ?” అన్నాను. “నీ పేరు ఎక్కడుందో చూసుకుని మూసేసేవాడివా?”

“పొరపాటైంది ఎజే,” అన్నాడు. ఎజే అంటే మాలో అక్క. “ఆ బాట్‌ని తీసేస్తాలే.”

“దాన్ని తీసేస్తే సరిపోతుందా? నీ యంత్రం బాట్‌కి జంబాష్ పెట్టింది. నాకూ సాయిరగుల్‌కీ చారు కూడా పొయ్యలేదు.”

అతను తల గోక్కున్నాడు. “కింద ‘సహాయకులు’ అని ఇంకో వరస పెడతా. అందులో మీ పేర్లు వేస్తా.”

“ఎవరికి సహాయం చేశామయ్యా? నీకా? కొండమీద కాపరికి నువ్వెంత చేశావో నేనూ అంతే చేశా. నేను రాసిన మాటలు తీసెయ్, ఆవిడ గీసిన గుర్తులు తీసెయ్. అప్పుడు నీ అశూని ఎవడు వాడతాడో నేనూ చూస్తా.”

బాక్తిగుల్ ఆపా చేతులు తుడుచుకుంటూ కొడుకు వైపు చూసింది. “పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరున్నా. నేనూ సహాయకురాలినేనా? నాకూ వేరే బల్ల వేస్తావా?”

ఎల్దియార్ అక్కడే కూర్చుని పేజీని తన చేత్తో కొత్తగా రాశాడు. ఒకటే వరస. ప్రతి పేరు పక్కన వాళ్ళు చేసిన పని: కోడ్, మాటలు, బొమ్మలు, కాపర్లకు జవాబులు, దారి పరీక్ష. పేరున్న ప్రతి ఒక్కరికీ ఒక ఓటు. నా పేరు తెరమీద చూడగానే నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవలసిన పనేముంది?

టీ తాగుతుండగా ఓటింగు పెట్టాం. పాత ఫోన్లు ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తారు. వదిలేయాలన్నవాళ్ళకంటే మేమే ఎక్కువమందిమి. సాయిరగుల్ నా భుజం పట్టుకుని ఊపేసింది.

వదిలేద్దామన్న ఎల్దియార్ ఓడిపోయాడు. పెదవి విరిచాడు. “గెలిచారు, బానే ఉంది. ఆ పాత ఫోన్లతో రోజుకో తంటా. ఆ కోడ్ ఎవరు చూస్తారు ఎజే, నువ్వా?”

“నేనెందుకు చూస్తాను? నీ పేరు పక్కన కోడ్ అని నువ్వే కదా రాసుకున్నావు,” అన్నాను.