ఓడెక్కిన ఎడమ చెప్పు

నేను ఒక ఎడమకాలి చెప్పుని. ఒంటి చెప్పు మాట ఎవరు వింటారని మీరు అనుకోవచ్చు. ఏం చేయను, మా కుడిది నోరు విప్పదు. దానికి బిడియం ఎక్కువ. పైగా అదీ నేనూ పుట్టుకతో జత కాదు.

నన్ను కుట్టింది సామర్లకోట స్టేషను ఎదురుగా కూర్చునే యేసురత్నం. తోలు నానబెట్టి, సాగగొట్టి, బొటనవేలికి ఉంగరం పెట్టి, అడుగున బస్సు టైరు ముక్క వేశాడు. నన్ను కొనుక్కున్నవాడు బ్యాండుమేళంలో సన్నాయి వాయించే అప్పన్న. అతను ఎడమకాలితోనే తాళం వేసేవాడు కాబట్టి నా ముందు భాగం త్వరగా అరిగింది. ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో నాకే తెలియదు. ఒకసారి పిఠాపురంలో పెళ్ళి భోజనాలయ్యాక, హాలు బయట గుట్టలో ఉన్న నాలోకి ఎవరిదో కొత్త కాలు దూరింది. కుడికాలు మాత్రం తన సొంత చెప్పులోనే దూరింది. ఆ మనిషి కబుర్లలో పడి అలాగే ఇంటికి నడిచాడు. పాపం అప్పన్న ఆ పూట ఎలా ఇల్లు చేరాడో!

ఆ కాలు పళ్ళంరాజు గారిది. కాకినాడ రేవులో క్రేను నడిపేవారు. గుమ్మంలోనే ఆయన భార్య సీతాయమ్మ గారు పట్టేశారు.

"అదేవిటండీ, ఎవరిదో ఎడంకాలి చెప్పు వేసుకొచ్చేసేరు!"

"పెళ్ళికెళ్తే చెప్పులు మారడం మామూలే కదే."

"జత కాదు కదండీ."

"అలవాటు పడతాయిలే" అన్నారాయన.

పడ్డాం. మొదట్లో కుడిదానికి నేనంటే చిరాకు. నాకు దాని బిగువు చూస్తే ఒళ్ళుమంట. కానీ ఒకే మనిషిని మోస్తూ ఉంటే అరుగుదల కూడా ఒకేలా అవుతుంది.

ఇక ఓడ సంగతి. పళ్ళంరాజు గారు ఉద్యోగమంతా ఓడల్లోకి బియ్యం బస్తాలు ఎక్కించారు గానీ తాను ఏనాడూ ఓడెక్కలేదు. "బియ్యాన్ని ఎక్కించేరు, నన్నెప్పుడు ఎక్కిస్తారు?" అని సీతాయమ్మ గారు దెప్పుతూనే ఉండేవారు. కిందటేడు నుంచి ఆయనకి మతిమరుపు మొదలైంది. మొదట పేర్లు పోయాయి, తర్వాత దారులు. ముందు ముందు మనుషులు కూడా పోతారని డాక్టరు మెల్లగా చెప్పాడు. డెబ్బయ్యో పుట్టినరోజుకి హోమం చేయిద్దామని చుట్టాలంటే ఆవిడ ఒప్పుకోలేదు. పక్కనున్నది ఎవరో ఆయనకి తెలిసి ఉండగానే ఇద్దరం సముద్రం మీదికి వెళ్ళాలని పట్టుబట్టారు. అలా చెన్నైలో, జనాన్ని విహారానికి తిప్పే ఓ తెల్ల ఓడెక్కాం.

ఎక్కిన దగ్గర్నుంచి నాకు అంతా అయోమయం. ఓడంటే నీళ్ళ మీద ఊగేది కదా, ఇది పెళ్ళి హాల్లా నిలబడి ఉంది. నేలంతా తివాచీ. దుమ్ము లేని చోట చెప్పుకి పనేమిటి? మెట్లు ఎక్కితే ఈతకొలను వచ్చింది. సముద్రం మీద వెళ్తూ మళ్ళీ ఈతకొలను ఎందుకో! అందరి చేతా లైఫ్ జాకెట్లు తొడిగించి, మునిగిపోతే ఏం చేయాలో నేర్పారు. నేర్పిన వెంటనే ఐస్‌క్రీమ్ పెట్టారు. జనం పళ్ళేలు నింపుకుని తిన్నారు, గంటసేపు కునికి మళ్ళీ నింపుకున్నారు. గదుల వరుసల్లో అన్ని తలుపులూ ఒకటే. ఇటు వెళ్తే ముందుకో వెనక్కో నాకే తెలియలేదు, ఇక మతిమరుపు మనిషికి ఏం తెలుస్తుంది?

పైగా భోజనాల హాల్లోకి చెప్పులతో రానివ్వరట. ఆయనకి కాన్వాస్ బూట్లు వచ్చాయి, మాకు పని పోయింది. అప్పుడు సీతాయమ్మ గారికి ఓ ఉపాయం తట్టింది. ఇంటి దగ్గరలాగే మమ్మల్ని తలుపు బయట విడిచారు.

"నెంబరు గుర్తుండకపోతే పోనీండి. మీ చెప్పులు ఎక్కడుంటే అదే మన గది."

ఇది చాలా బాగా పనిచేసింది, మొదటి రోజు. రెండోరోజు పొద్దున్న ఆయన "సముద్రం చూసి వచ్చేస్తానే, నువ్వు స్నానం కానీ" అని ఒక్కరే బయల్దేరారు. ఆవిడ కాదనలేక పంపారు. ఆయన అటు వెళ్ళగానే గదులు సర్దే రోడెల్ వచ్చాడు. ఫిలిప్పీన్స్ మనిషి, ముఖాన చిరునవ్వు చెరగదు. మమ్మల్ని చూసి, పాపం మరిచిపోయారనుకున్నాడు. తలుపు తట్టి, తన దగ్గరున్న తాళంతో తీసి, మమ్మల్ని లోపలికి తెచ్చి, గుడ్డతో తుడిచి, అలమారాలో పెట్టి తలుపు మూసి వెళ్ళాడు. ఇంత మర్యాద నాకు జన్మలో జరగలేదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

కాసేపటికి బయట అడుగులు వినిపించాయి. బూటు కొత్తదైనా నడక పాతదే, ఎడమ మడమ ఈడ్చే నడక. వచ్చాయి, ఆగాయి, దాటిపోయాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ దాటిపోయాయి. అరవాలనిపించింది. చెప్పుకి గొంతెక్కడిది? స్నానాల గదిలో నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

సీతాయమ్మ గారు తల తుడుచుకుంటూ వచ్చి చీర కోసం అలమారా తీశారు. మమ్మల్ని చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. చీర ఎలా చుట్టుకున్నారో, నన్నొక్కదాన్నే చేతబట్టుకుని, వట్టి కాళ్ళతో పరుగెత్తారు. తడి జుట్టుతో, చేతిలో చెప్పుతో వస్తున్న ఆవిణ్ణి చూసి జనం గోడలకి అతుక్కుపోయారు. నిక్కరు వేసుకున్న ఓ రాజమండ్రి ఆయన మాత్రం ధైర్యం చేశాడు.

"ఏవండీ పెద్దమ్మగారూ, ఎవర్ని కొట్టడానికండీ?"

"కొట్టడానిక్కాదు బాబూ. మా ఆయన కనపడట్లేదు!"

"అయ్యబాబోయ్, ఆయన మీవారా? కింద అంతస్తులో మా గుమ్మం ముందు కూర్చుని మా చెప్పులు తిరగేసి చూస్తన్నారండీ. ఏవనాలో తెలీక ఇటొచ్చేను."

ఈ ఓడలో చెప్పులు బయట విడిచే ఇల్లు ఇంకోటి ఉందన్నమాట.

ఆయన తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పరాయి చెప్పులు. సీతాయమ్మ గారు ఆయాసపడుతూ ఎదురుగా కూలబడి నన్ను చేతికిచ్చారు. ఆయన నా బొటనవేలి ఉంగరం తడిమారు. అరిగిన ముందు భాగాన్ని వేలితో నిమిరారు. ముఖం విప్పారింది.

"ఇది నాదే" అన్నారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, పరాయి ఆడవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగారు. "దీని రెండోది ఎక్కడుందో మీకేవన్నా తెలుసా, అమ్మా?"

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేపారు.

"తెలుసండీ. రండి, చూపిస్తాను."

గదిలో మా ఇద్దర్నీ ఆయన ముందు పెట్టారు. పళ్ళంరాజు గారు బూట్లు విప్పి, మమ్మల్ని చాలాసేపు పరీక్షగా చూశారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంతలా చూడలేదు.

"ఇవి జత కాదే?" అన్నారు.

"కాదండీ" అన్నారు సీతాయమ్మ గారు, ఆయన పక్కన కూర్చుంటూ. "అలవాటు పడిపోయేయి."

ఆయన తలూపి, మాలో కాళ్ళు పెట్టుకున్నారు.