గవర్నరు కుర్చీలో గంగరాజు

చేలగట్టు మీద నడుస్తున్న వీరాయమ్మ కాళ్ల కింద బురద ఎప్పుడు ఎర్ర తివాచీగా మారిందో ఆమెకే తెలియదు, ఎదురుగా మాత్రం గవర్నరు దొర బంగళా, దాని కప్పు మీద ఎవరో వరినారు నాటుతున్నారు, లోపల దొర ఉండాల్సిన పెద్ద కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నది ఆమె మొగుడు గంగరాజు, బోదె కాలవ నీళ్ల తగువులో సూరన్న పారదెబ్బకు పోయి పదేళ్లు దాటినవాడు. చచ్చాకైనా ఈ మనిషికి కూర్చునే తీరు రాలేదని ఆమెకు ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే ఏడుపూ వస్తుంది.

"సూరన్నకి శిక్ష తగ్గించి వదిలేస్తారంటండి. నేనేవన్నా అడ్డు చెబుతానేమో కనుక్కోమని గవర్నరుగారు రాశారంట. పొద్దున్నే మున్సబుగారు వస్తారు. మీరే వద్దని చెప్పండి."

"చచ్చినోడి మాట దొరతనం రాసుకోదే," అంటాడు గంగరాజు, చుట్టూ గోడలు మెల్లగా జరిగి జైలు గోడలవుతుంటే అటే చూస్తూ. "వాడి మీద ఇంకా అంత కక్షా నీకు?"

"నా కక్ష ఎప్పుడో చల్లారిందండి. వాడొస్తే మనోడు ఊరుకుంటాడా? నాన్నని చంపినోణ్ణి నరుకుతానని చిన్నప్పట్నించీ అంటున్నాడు. ఇప్పుడు మీ అంత అయ్యాడు. వాడు ఉరికంబం ఎక్కితే నాకెవరున్నారు?"

జైలు తలుపు తెరుచుకుంటుంది. చారల చొక్కాతో వస్తున్నది సూరన్న అనుకుని ఆమె పళ్లు బిగిస్తుంది, తీరా చూస్తే కొడుకు ధర్మయ్య, తల్లిని గుర్తుపట్టకుండానే మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు, ఆమె కుర్చీ కాళ్లు పట్టుకుని "వాణ్ణి వదిలెయ్యమని రాయండి, మీ చేతిలోనే ఉంది కదా" అని బతిమాలుతుంది, కానీ గంగరాజు చేతిలో కలం లేదు, కుర్చీ కింద నేల లేదు, అంతా కాలవ నీళ్లు.

"ఆ రోజు ముందు పార ఎత్తింది నేనే వీరా," అంటాడు నెమ్మదిగా. "ఆ మాట వాడికెప్పుడైనా చెప్పావా?"

"తండ్రిదే తప్పని కొడుక్కి ఎట్టా చెప్పనండీ?"

"చెప్పు. చెప్పి, సూరన్నని రానీ."

మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది. వీరాయమ్మ పెరట్లోకి వచ్చింది. కోతలైపోయి చేలన్నీ ఎండి ఉన్నాయి, ఇప్పట్లో పారతో పనే లేదు. అయినా ధర్మయ్య నూతి పక్కన గొంతుక్కూర్చుని రాతి మీద పార అంచు నూరుతున్నాడు.

"మున్సబుగారు వస్తున్నారంట," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు అడ్డు చెప్పకమ్మా. రానీ."