మూడో ప్రకటన

నాది అనుమానం జబ్బని మా ఆవిడ రోసమ్మ ఊరంతా చాటింపు వేస్తుంది. వేసుకోనివ్వండి. సికింద్రాబాద్ స్టేషన్లో బండ్లను పరీక్ష చేసే ఉద్యోగం చేసింది నేనా, ఆవిడా? బండి ప్లాట్‌ఫామ్ మీదికొచ్చి ఆగగానే సుత్తి పట్టుకుని పక్కనే నడుస్తూ ఒక్కో చక్రాన్నీ కొట్టి వినేవాణ్ని. బాగున్న చక్రం ఖంగుమంటుంది. పగులున్నది డొల్లగా పలుకుతుంది. అలాంటిది తగిలిందా, జేబులోంచి సుద్దముక్క తీసి ఆ పెట్టె మీద ‘సిక్’ అని రాసేసేవాణ్ని. ఇక ఎవరొచ్చి బతిమాలినా, లోపల ఎంతటివాళ్లు కూర్చున్నా ఆ పెట్టె కదలడానికి వీల్లేదు. రిటైరయ్యాక సుత్తి రైల్వేకి అప్పజెప్పాను గానీ చెవులు అప్పజెప్పలేదు కదా.

అందుకే రిచర్డ్ మా ఇంటికొచ్చి మాట్లాడిన మొదటిరోజే నా చెవికి ఏదో తేడా కొట్టింది.

రిచర్డ్ అంటే మా అమ్మాయి దేవకృపను చేసుకుంటానని వచ్చిన కుర్రాడు. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్. వాళ్లమ్మ మేబెల్ గారు మా అమ్మాయి పనిచేసే స్కూల్లోనే టీచరు. మా చర్చే వాళ్లది కూడా. చిలకలగూడలో మా ఇరుకు హాల్లో నిటారుగా కూర్చుని, రోసమ్మ చేసిన గవ్వలు ఒక్కొక్కటీ తీసి మర్యాదగా నములుతున్నాడు.

“ఏ విమానం నడుపుతావు బాబూ?” అన్నాను.

“ఫైటరండీ. రష్యాది.”

“రష్యావంటే పాతవి కదూ? నువ్వు పుట్టకముందువి. అవి పడిపోతున్నాయని పేపర్లో చదువుతుంటాను.”

గవ్వ నోటిదాకా వెళ్లి ఆగింది. “వాటిని అప్‌గ్రేడ్ చేశారంకుల్. లోపలంతా కొత్తదే. కొన్నేళ్లలో వాటి బదులు వేరేవి కూడా వచ్చేస్తాయి.”

లోపలంతా కొత్తదేనట! మరి బయట సంగతో? మా వర్క్‌షాపు నుంచి ఎన్ని ముసలి పెట్టెలు కొత్త రంగు పూసుకుని, కొత్త సీట్లు, కొత్త ఫ్యాన్లు పెట్టుకుని పెళ్లికూతుళ్లలా రాలేదు? కింద చక్రం దగ్గర కూర్చుని చూసేవాడికి తెలుస్తుంది వాటి వయసు. ఇక ఆ ‘కొన్నేళ్లు’ అన్నమాట ఉందే, అది సర్కారువాళ్ల మాట. మా వీధి వంతెన కూడా కొన్నేళ్లలోనే వస్తుందని నా పెళ్లప్పటి నుంచీ వింటున్నాను.

“ఇంజనో?” అని అడిగాను.

“టీ చల్లారిపోతోంది, తాగు బాబూ,” అని రోసమ్మ అడ్డొచ్చింది. ఆ అబ్బాయి బతుకు జీవుడా అని కప్పు అందుకున్నాడు. జవాబు మాత్రం ఇవ్వలేదు. నేను మరిచిపోతానా?

అందరూ ఒప్పుకున్నారు. నన్ను కూడా ఒప్పుకున్నవాళ్ల లెక్కలో వేసేసుకున్నారు. ఆదివారం ఆరాధనలో మా పాస్టరు సామ్యూల్ అయ్యగారు ప్రకటన చదివారు. “జకర్యా గారి కుమార్తె దేవకృపకును, మేబెల్ గారి కుమారుడు రిచర్డుకును వివాహము నిశ్చయింపబడినది. ఇందుకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన.” మాలో పెళ్లికి ముందు ఇలా మూడు ఆదివారాలు చదువుతారు. ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే, అదేమిటో తేలేదాకా పెళ్లి ఆగాల్సిందే. నా ఎరుకలో ఒక్కరు కూడా లేవలేదు. అందరూ ఆ మాటను వాన చినుకుల్లా దులిపేసుకుంటారు. ఆ రోజు మాత్రం అది నన్నే అడుగుతున్నట్టనిపించింది.

మర్నాడు బస్సెక్కి కాప్రా పోయాను. అక్కడ పర్వతాలు అనే స్నేహితుడు ఉన్నాడు. ఒకప్పుడు చిలకలగూడలో మా పక్కింటివాడు. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు బాగుచేసే పని చేసి రిటైరై, చెరువు దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. నన్ను చూడగానే చేతులు చాచాడు.

“ఏందన్నా, గిట్ల చెప్పకుండ ఒచ్చినవ్? వదిన మంచిగున్నదా?”

“వదిన సంగతి తర్వాత. ఆ రష్యా ఫైటర్లను అప్‌గ్రేడ్ చేశామంటున్నారు. ఏమేం మార్చారు?”

పర్వతాలు నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. “గా రాడార్ కొత్తది. ముంగట టీవీల లెక్క తెరలు పెట్టిండ్రు, గవి కొత్తయి. మిసైళ్లు సుత కొత్తయే. పాతదానికీ దీనికీ చానా ఫరక్ ఉంటదన్నా.”

“రెక్కలు?”

“రెక్కలు గవే.”

“ఇంజను?”

“ఇంజన్ గదే. దాన్నే ఇప్పి, సాఫ్ జేసి, మల్ల బిగిస్తరు. ఒక్కటే ఇంజన్. మంచిగ చూస్కుంటే మంచిగనే ఉంటది.”

“చూసుకోకపోతే?”

“ఏందన్నా నువ్వు, పోలీసోని లెక్క!”

“నీ బిడ్డనైతే ఇస్తావా, దాన్ని నడిపేవాడికి?”

పర్వతాలు చెరువు వైపు చూశాడు. “నన్నెందుకు పరేషాన్ జేస్తవ్? పోయి పోరగాణ్నడుగు,” అని లేచి లోపలికి పోయి, చాయ్ పెట్టమని భార్యకు గట్టిగా చెప్పాడు. చాయ్ తాగినంతసేపూ కాప్రాలో భూముల ధరల గురించే మాట్లాడాడు. అడిగినదానికి జవాబు చెప్పని మనిషి చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పరు. నాకు ఒళ్లు మండిపోయింది.

రెండో ఆదివారం ప్రకటన చదువుతుంటే బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఇంటికి రాగానే కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

“వాడు మోసగాడే! రెక్కలవే, ఇంజనదే. లోపలంతా కొత్తదని నా ఇంట్లో కూర్చుని, నా గవ్వలు తిని, నాకే చెబుతాడా?”

దేవకృప చెవి కమ్మలు తీస్తూ అద్దంలోంచే నన్ను చూసింది. “అతను నాకు మొదటే చెప్పాడు నాన్నా. ఇంజను పాతదేనని, ఎలా చూసుకుంటారో, ఏమేం జరగొచ్చో, అన్నీ చెప్పాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు ఒప్పుకుంటావా?”

“చూశావా! ఇద్దరూ కలిసి నాకు గంతలు కట్టారు. వచ్చే ఆదివారం నేను లేస్తాను. సంఘమంతా వింటుండగా అభ్యంతరం చెబుతాను. ఆ విమానం దిగి వేరేది ఎక్కేదాకా పెళ్లి లేదు.”

“లే నాన్నా. ఆ తర్వాత నాతో మాట్లాడకు.” కమ్మలు డబ్బాలో పడేసి గదిలోకి వెళ్లిపోయింది. ఒక్కగానొక్క పిల్ల. నా మీద ఎప్పుడూ గొంతెత్తి ఎరగదు. అప్పుడు కూడా ఎత్తలేదు, అదే నాకు ఎక్కువ తగిలింది.

ఆ వారం మధ్యలో టీవీలో చూపించారు. రిచర్డ్ పనిచేసే ఉత్తరాదినే ఎక్కడో రష్యా ఫైటర్ ఒకటి కూలిందట. పొలంలో పొగ, చుట్టూ జనం. పైలట్ పేరు చెప్పలేదు. రోసమ్మ కూరగాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. స్కూలు నుంచి పరుగెత్తుకొచ్చిన దేవకృప ఫోను దగ్గర కూర్చుంది. నేను ప్రార్థన చేశాను. ఏమని చేశానో చెప్పమంటారా? వాడు కాకూడదు ప్రభువా అని. మోసగాడని తిట్టిన నోటితోనే.

చీకటి పడుతుండగా ఫోను మోగింది. దేవకృప విని, “అతను కాదు. అతని స్నేహితుడు. పారాచూట్‌తో దూకాడు, వెన్నెముక దెబ్బతింది,” అని చెప్పి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లబోతే రోసమ్మ కళ్లతోనే ఆపింది. ఇప్పుడైనా అర్థమైందా అని అడగాలనిపించింది. అడగలేదు లెండి, అంత రాయిని కాను.

శనివారం సాయంత్రం బ్రెడ్డు కోసం బయల్దేరాను. చర్చి వెనక అయ్యగారి ఇల్లుంది కదా, ఆ గేటు తీసుకుని రిచర్డ్ బయటికొచ్చాడు! ఊరికి వచ్చినట్టు మాకు కబురే లేదు. తల వంచుకుని, నన్ను చూడకుండానే ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. మా ఇంటికి రాలేదు. నాకు అంతా ఇట్టే తెలిసిపోయింది. రేపు నేను లేస్తానని దేవకృప చెప్పి ఉంటుంది. నా నోరు నొక్కడానికి అయ్యగారిని మంచి చేసుకుని పోతున్నాడు. ఓరి నీ! దొంగదారులు కూడా తెలుసన్నమాట ఈ కుర్రాడికి.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బెంచీలో చివరగా కూర్చున్నాను, లేవడానికి వీలుగా. ఆడవాళ్ల వైపు రోసమ్మ, దేవకృప. అయ్యగారు కాగితం తీశారు. వేరే జంట ప్రకటన చదివారు. నేను మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాను. “స్త్రీల మైత్రి కూటము బుధవారము జరుగును,” అన్నారు అయ్యగారు. కాగితం మడిచేశారు.

మా అమ్మాయి పేరు చదవలేదు!

చర్చి అంతా గుసగుసలు. దేవకృప మెల్లగా తిరిగి నా వైపు చూసింది. నువ్వే కదూ అన్నట్టు చూసింది. పక్కన రోసమ్మ కూడా. వెనక మేబెల్ గారు కూడా. ముందే వెళ్లి చాటుగా ఆపించాను అనుకుంటున్నారు. జీవితమంతా నేను పెట్టెల వైపు చూసిన చూపు అది. అది మన మీద పడితే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు.

లేచి నిలబడ్డాను. “అయ్యగారూ, మా అమ్మాయి ప్రకటన వదిలేశారు.”

అయ్యగారు కళ్లజోడు తీశారు. “అబ్బాయే ఆపమన్నాడండీ జకర్యా గారూ. నిన్న వచ్చి చెప్పి వెళ్లాడు.”

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. రిచర్డ్ చిట్టచివరి బెంచీలో ఉన్నాడు. నేను నడిచి వెళ్లి వాడి ముందు నిలబడ్డాను.

“ఎందుకు ఆపమన్నావు?”

“ఆ రోజు మీరన్నది నిజమే అంకుల్,” అన్నాడు నేల చూస్తూ. “హాస్పిటల్లో మావాణ్ని చూసొచ్చాను. వాళ్లావిడ వాడికి చెంచాతో జావ తాగిస్తోంది. మొన్నే పెళ్లయింది వాళ్లకి. ఆవిడ కూర్చున్న కుర్చీలో దేవకృప కనిపించింది నాకు.”

“మా అమ్మాయిని అడిగావా?”

“అడిగితే ఆపనివ్వదంకుల్. అందుకే అడగలేదు.”

ఎన్ని పెట్టెల మీద రాసి ఉంటాను ‘సిక్’ అని! తన మీద తానే రాసుకున్న పెట్టెను మాత్రం ఎన్నడూ చూడలేదు. పనికిరాని సరుకు అంటగట్టేవాడు ఇలా చేస్తాడా? కొట్టి చూశాను, ఖంగుమంది. ఇన్నాళ్లూ నేను విమానాన్ని కొట్టి, ఆ చప్పుడు విని మనిషిని తిట్టాను.

“చదవండయ్యగారూ,” అన్నాను వెనక్కి తిరిగి.

“అబ్బాయి ఒప్పుకోవాలి కదండీ...”

అప్పుడు దేవకృప లేచింది. “అతనికి నేనంటే అభ్యంతరమైతే లేచి చెప్పమనండి అయ్యగారూ. విమానం సంగతి కాదు, అది నాకు తెలుసు. నేనంటే అభ్యంతరముంటే చెప్పమనండి, వింటాను.”

రిచర్డ్ లేచాడు. లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, రెండు చేతుల్లో మొహం దాచుకుని కూర్చుండిపోయాడు.

అయ్యగారు మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. మడిచిన కాగితం విప్పారు. మా రెండిళ్ల పేర్లూ చర్చిలో మోగాయి. “ఇందుకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను,” అని ఆగారు. ఎప్పుడూ ఆగనంతసేపు ఆగారు. సంఘమంతా నా వైపే చూస్తోంది. బెంచీల మధ్య దారిలో నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను.

రెక్కలవే. ఇంజనదే. నా భయం ఎక్కడికీ పోలేదు. దేవకృప నన్నే చూస్తోంది.

రిచర్డ్ పక్కన కాస్త ఖాళీ ఉంది. నేను కూర్చున్నాను.

“ఇది మూడో ప్రకటన,” అన్నారు అయ్యగారు.