రెండు విమానాల నడుమ
పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు సిగ్నల్ పిన్ని. ఆవిడ రైల్వేలో స్టేషన్ మాస్టరు. ఏళ్ల తరబడి రైళ్లను వేళకు పంపించీ పంపించీ, ఇంట్లో పాలు పొంగడం ఆలస్యమైనా పొయ్యిని నిలదీసే రకంగా తయారైంది.

ఆ వేసవిలో అక్క పిల్లలిద్దరినీ వాళ్లమ్మ దగ్గరికి చేర్చే పని ఆవిడ మీద పడింది. అక్క పరాయి దేశంలో నర్సు. దారిలో ఒక మహానగరంలో విమానం మారాలి. పొద్దున దిగితే మళ్లీ ఎక్కేది సాయంత్రమే.

“జన్మలో మళ్లీ వస్తామో రామో, ఊరంతా చుట్టేద్దాం పదండి” అని పిన్ని సామాను విమానాశ్రయంలో అప్పగించి, కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు బయలుదేరింది.

రాజభవనంలో సింహాసనం చూసి చిన్నోడు నోరు తెరిచాడు. ఆ నోరు మూసేలోగానే పిన్ని వాణ్ణి పక్క గదిలోకి తోసేసింది. గడియార స్తంభాన్ని నడుస్తూనే చూశారు. పెద్ద వంతెన మీద ఫొటో తీస్తే ముగ్గురి మొహాలూ సగం సగమే పడ్డాయి. మ్యూజియం దగ్గరికి చేరేసరికి జనం వరుస వీధి మలుపు దాకా కొండచిలువలా పడుకుని ఉంది.

పెద్దది మెట్ల మీద కూలబడింది. “నేను రాను పిన్నీ.”

“ఇంత దూరం వచ్చి రానంటావేమిటే? లోపల ఎంత గొప్ప బొమ్మలున్నాయో తెలుసా?”

“మనం చూడట్లేదు పిన్నీ, హాజరు వేయించుకుంటున్నాం.”

పిన్నికి కోపం ముక్కు మీదికొచ్చింది. పదహారేళ్ల పిల్ల, పొద్దుటి నుంచీ పెదవి విప్పి అన్నది ఆ రెండు ముక్కలే. అందులో అబద్ధమూ లేదు. చిన్నోడు చెప్పు విప్పి మడమ మీద బొబ్బను ఊదుకుంటున్నాడు. కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ దిగిపోయింది.

“సరే తల్లీ, ఇక నువ్వే చెప్పు. ఎటు పోదాం?”

పెద్దది మెట్ల మీంచి కనబడుతున్న నది వైపు, వంతెన పక్కకు వేలు చూపింది. “అక్కడ ఎవరో ఈదుతున్నారు. చూద్దామా?”

పిన్ని వెంటనే అటు దారి తీసింది. ఏడాది కిందటి దాకా ఆ పిల్లకు ఈతే లోకం. పోటీలో అందరి కన్నా వెనక వచ్చి, గట్టు మీద ఎవరో నవ్వితే ఆ రోజుతో మానేసింది. బతిమాలినా తిట్టినా కొలను వైపు కన్నెత్తి చూడలేదు. అలాంటిది తానే అడిగింది.

నదిలోనే చెక్కలు పరిచి, చుట్టూ కంచె కట్టి ఈతకు చోటు చేశారు. టికెట్లిచ్చే ఆవిడ బట్టలు కూడా అద్దెకిస్తోంది. చిన్నోడు దిగిన మరుక్షణమే కప్పపిల్ల అయిపోయాడు. పెద్దది మాత్రం అంచున చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడింది. బల్ల మీద కూర్చున్న పిన్ని ‘దూకవే’ అనబోయి నాలుక కరుచుకుంది. ఎవరూ ఏమీ అనకుండానే ఆ పిల్ల తల వంచి నీళ్లలోకి జారింది. అవతలి కంచె దగ్గర తేలి, ఊపిరి తీసుకుని, గట్టిగా నవ్వింది. పిన్నికి కళ్లు చెమర్చాయి. ఎండ ఎక్కువగా ఉందని అద్దాలు పెట్టుకుంది.

“పిన్నీ, నువ్వూ రా!”

“నాకు ఈత రాదే. మునిగిపోతే మీ అమ్మకి ఎవరు సమాధానం చెప్తారు?”

“నేను చెప్తాలే, రా!”

మోకాళ్ల దాకా వచ్చే నల్ల ఈతబట్టల్లో పిన్ని నిచ్చెన దిగింది. నీళ్లు నడుము తాకగానే కంచెను ఉడుంపట్టు పట్టింది. పెద్దది ఆవిడ వీపు కింద చేయి పెట్టింది.

“తల వెనక్కి వాల్చు. మెడ బిగించకు.”

“వదిలేస్తావేమోనే!”

“వదలను. చెవుల్లోకి నీళ్లొస్తాయి, కంగారు పడకు. ఊపిరి తీసుకో.”

రెండుసార్లు మునిగి, చారెడు నీళ్లు మింగి, పక్కన ఈదుతున్న ముసలాయన్ని కాలితో తన్ని, క్షమించమని దండం పెట్టి, మూడోసారి వాలింది పిన్ని. చెవులు మూసుకుపోయాయి. ఊరి రొద ఆగిపోయింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. ఒళ్లు దూదిలా తేలిపోయింది. ఆ పిల్ల చేయి ఎప్పుడు తీసేసిందో ఆవిడకు తెలియనే లేదు.

కాసేపటికి చిన్నోడు గట్టెక్కి వణుకుతూ, “పిన్నీ, టైమైపోతోంది!” అని అరిచాడు.

“ఉండరా, ఇప్పుడే కాస్త పట్టు చిక్కింది!”

పిల్లలిద్దరూ మొహామొహాలు చూసుకుని పగలబడి నవ్వారు. చివరికి వాళ్లే ఆవిడను చెయ్యి పట్టి లాక్కొచ్చి, తుడిచి, బస్సెక్కించారు. విమానం తలుపు దగ్గరికి అందరికన్నా ఆఖరున చేరారు ముగ్గురూ, జుట్ల నుంచి నీళ్లు కారుతూ.

అక్క ఉండే ఊళ్లో దిగేసరికి అక్కే ఎదురొచ్చి పిల్లల్ని వాటేసుకుంది. “దారిలో ఊరంతా చూశారా?”

“అరకొరగా చూశాంలే” అంది పెద్దది. “అమ్మా, మీ ఇంటి దగ్గర ఈతకొలను ఉందా?”

అక్క ఆశ్చర్యంగా చెల్లెలి వైపు తిరిగింది. సిగ్నల్ పిన్ని ఏమీ ఎరగనట్టు సామాను బండి తోసుకుంటూ ముందుకు నడిచింది.