కొత్త బెజ్జం

ఎదుటి మనిషి నడుము మడతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పిండి చూడటమే మాస్టారికి పలకరింపు. ఆ ఉదయం వ్యాయామశాల షట్టరు ఎత్తి, ఇనప బిళ్ళలను గుడ్డతో తుడిచి, బెంచీల మీద ముందురోజు చెమట మరకలను గొణుక్కుంటూ కడిగి, మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషిని అలాగే పలకరించాడు. వచ్చినవాడు పళ్ల డాక్టరు.

“రాత్రి ఏం మింగారు?”

“పెళ్లి భోజనం మాస్టారూ. కాదనలేకపోయాను.”

“పెళ్లి వాళ్లది, పొట్ట మీది” అని అతని చేతికి గెంతే తాడు ఇచ్చి ఓ మూలకు తోలాడు.

వ్యాయామశాల టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉంది. కింది నుంచి వచ్చే రబ్బరు వాసన, పైనుంచి దిగే చెమట వాసన మెట్ల మలుపు దగ్గర కలుసుకుంటాయి. లోపల గోడ పొడుగునా అద్దాలు. వాటిపైన మాస్టారి పడుచుతనపు ఫొటో: నూనె రాసిన ఒళ్లు, ఉబ్బించిన ఛాతీ, చేతిలో కప్పు. మూడో బహుమతి. ఆ పోటీలో పాల్గొన్నది ముగ్గురేనన్న సంగతి ఫొటో చెప్పదు, మాస్టారూ చెప్పడు. ఇప్పుడు యాభై దాటాయి. ఛాతీ ఇంకా ముందుకే ఉంది గానీ దాన్ని మోసే కాళ్లు పుల్లల్లా అయ్యాయి. మీసానికి రంగు వేస్తాడు, ఒక సైజు తక్కువ బనియను తొడుగుతాడు.

లోకంలో అతనికి రెండే రకాల మనుషులు: కొవ్వు పట్టినవాళ్లు, పట్టబోయేవాళ్లు. ఇద్దరన్నా ఒకటే చులకన. టైర్ల దుకాణం వాడిని చూసి ముక్కు చిట్లించేవాడు, బస్సులో రెండు సీట్లు ఆక్రమించిన ముసలావిడను చూసి తల తిప్పుకునేవాడు. పక్కింటి పసిపిల్ల బుగ్గలు పిండినా ముద్దుకు కాదని, కొవ్వు చూడటానికేనని అతని భార్య అనేది. ఇంతా చేసి, ఇన్నేళ్లలో అతని చేతికింద ఎవరైనా బాగుపడ్డారా అంటే, చెప్పుకోవడానికి ఒక్కడు లేడు. వచ్చినవాళ్లు నాలుగు రోజులు తిట్లు తిని, ఐదో రోజు ఇంట్లో హాయిగా వేరే తినేవారు.

అయినా అతనికో సిద్ధాంతం ఉంది. కొవ్వు కరగాలి, కండ పెరగాలి, పరుగులో దమ్ము నిలవాలి. మూడూ ఒకేసారి జరగాలి. వ్యాయామశాల యజమాని దీన్ని నమ్మలేదు. ఆయనది పాల వ్యాపారం. వ్యాయామశాలను పైడబ్బు వస్తుందని పెట్టాడు. “మూడూ ఒకేసారి కుదరవంటున్నారు మాస్టారూ అందరూ. ఒక్కణ్ణి చూపించండి. ముందు ఎలా ఉన్నాడో, తరవాత ఎలా అయ్యాడో ఫ్లెక్సీ వేయిద్దాం. లేదంటే కొత్త కుర్రాడెవరో అడుగుతున్నాడు, అతన్ని పెట్టుకుంటా” అని కిందటేడాది మర్యాదగానే చెప్పాడు. మాస్టారికి వేరే పని రాదు. ఆ వయసులో ఎవరూ పిలిచి ఇవ్వరు కూడా.

అప్పుడు ముందుకు వచ్చింది బావ. మాస్టారి భార్యకు అన్న, సిమెంటు గోదాములో గుమస్తా, పెళ్లాం పిల్లలు లేని ఒంటిగాడు. కుర్చీలో కూర్చుంటే కుర్చీతో సహా లేచేంత మనిషి. నవ్వితే ముందు పొట్ట నవ్వేది, తరవాత మొహం. “నా చెల్లెలి సంసారం నిలబడటానికి నా పొట్టే కదా కావాల్సింది, తీసుకో బావా” అన్నాడు. మాస్టారు కృతజ్ఞత చెప్పలేదు. నడుం పట్టుకు పిండి, “అసహ్యం” అన్నాడు.

పొద్దుటి బ్యాచి అయిపోయాక మాస్టారు ఆటస్థలానికి వెళ్లాడు. గోదాముకు వెళ్లేముందు బావ అక్కడ పరిగెత్తాలి. సాయంత్రమే ఫొటోలు, యజమాని కెమెరా అతన్ని కూడా పిలిచాడు. బావ కాన్వాసు బూట్లు ఈడ్చుకుంటూ ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు సగంలో గోడను పట్టుకుని నిలబడిపోయాడు. నిరుడు ఈ మనిషి నడిస్తే తొడలు రాసుకునేవి. ఇప్పుడు నిక్కరులో కాళ్లు రెండు కర్రల్లా ఆడుతున్నాయి. మాస్టారికి కనబడింది మాత్రం నిలబడిపోవడమే.

“కొవ్వు కరిగింది, దమ్ము రాలేదు. బద్ధకం బావా, ఒట్టి బద్ధకం.”

“తిండి సయించడం లేదు బావా.”

“మంచిదే. ఇన్నాళ్లకు నాలుక నీ మాట వింటోంది.”

“వీపులో ఒకటే నొప్పి. నిద్ర పట్టనివ్వదు.”

“కండ ఊరికే పెరుగుతుందా? నొప్పి పుట్టాలి.”

బావ కళ్లలో పసుపు ఛాయ ఉందేమోనని మాస్టారికి ఒక్క క్షణం అనిపించింది. ఎండ అనుకున్నాడు. అలా అనుకుంటే ఆ రోజుకు పని జరిగిపోతుంది.

“ఫొటో కానీ, ఆ తరవాత ఓసారి డాక్టరుకు చూపించుకుంటాను” అన్నాడు బావ.

“ఏం చూపిస్తావు, పొట్టా? అదిప్పుడు లేదుగా.”

బావ నవ్వాడు. పళ్లు మాత్రమే కనబడ్డాయి.

మధ్యాహ్నం ఇంట్లో మాస్టారు గుడ్ల తెల్లసొనలు వేరుచేసుకుని తింటూ, పచ్చసొనలను పళ్లెం అంచుకు నెట్టాడు. ఎప్పటిలాగే వాటిని భార్య తీసుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆమె వాటా పచ్చసొనలు, తిట్లు.

“అన్నయ్య చిక్కిపోయాడండీ. నిన్న గుమ్మంలో నిలబడితే ఎవరోననుకున్నాను.”

“చిక్కడం కాదది, తగ్గడం.”

“రెండూ ఒకటే కదండీ.”

“ఒకటెలా అవుతాయి? దిక్కులేనివాడు చిక్కుతాడు, సాధన చేసినవాడు తగ్గుతాడు. ఆ మాట అతని ముందు అనకు, మనసు పాడవుతుంది.”

ఆమె లేచింది. అన్నకు ఇష్టమని దాచిన మిఠాయి డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. అది మాస్టారు తన గెలుపుగా లెక్క వేసుకుని కాసేపు నిద్రపోయాడు.

సాయంత్రం బావ గోదాము నుంచి నేరుగా వచ్చాడు. మెట్ల మలుపులో ఆగి, కమ్మీ పట్టుకుని, మళ్లీ ఎక్కాడు. లోపలికి వస్తూనే ప్యాంటు జారింది. రెండు చేతులా ఎగలాక్కుంటూ, “చూశావా బావా, నాకంటే ముందు ఇదే ఇంటికి పోతానంటోంది” అన్నాడు. అక్కడున్న పళ్ల డాక్టరూ యజమానీ నవ్వారు. మాస్టారి మొహం వెలిగింది.

ఆ వ్యాయామశాలలో ఒక ఆచారం ఉంది. ఎవరి బెల్టు అయినా చివరి బెజ్జానికి కూడా వదులైతే, మాస్టారు స్వయంగా దాన్ని చెక్కదిమ్మ మీద పరిచి, మేకు నిలబెట్టి, డంబెల్‌తో కొట్టి కొత్త బెజ్జం పొడుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఈ భాగ్యం ఇన్నేళ్లలో ఎవరికీ రెండోసారి పట్టలేదు. బావ బెల్టుకు మాత్రం అప్పటికే వరసగా పొడిచిన బెజ్జాలున్నాయి. చివరి రెండూ మరీ దగ్గర దగ్గర రోజుల్లో పొడిచినవి. వేరెవరైనా అది చూసి భయపడేవారు. మాస్టారు అది చూసి ఛాతీ పొంగించాడు.

“తిండిపోతులందరూ ఇలా రండి. సాధన అంటే ఏమిటో చూసి సిగ్గు తెచ్చుకోండి” అని డంబెల్ ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. చప్పట్లు కొట్టారు.

కొత్త బెజ్జానికి బెల్టు బిగించుకుని బావ అద్దాల ముందు నిలబడ్డాడు. ప్యాంటు నడుము చుట్టూ మూతి కట్టిన బస్తాలా కుచ్చులు పడింది. కెమెరా అతను నవ్వమన్నాడు. బావ నవ్వాడు. యజమానికి అంతటితో తనివి తీరక, మూలనున్న పరుగు మిషను మీద పరిగెడుతున్న ఫొటో కూడా ఉంటే బాగుంటుందన్నాడు. బావ మాస్టారి వంక చూశాడు. కాదనమని అడిగే చూపే అది. మాస్టారు చేత్తో మిషను చూపించాడు.

బావ బెల్టూ ప్యాంటూ విప్పి, విడివిడిగా తలుపు వెనక మేకుకు తగిలించి, నిక్కరు తొడుక్కుని మిషను ఎక్కాడు. కాసేపు పరిగెత్తాడు కూడా. ఫొటో బాగా వచ్చిందని కెమెరా అతను చెప్పేదాకా ఆగాడు. తరవాత మిషను దిగి, బెంచీ మీద కూర్చుని, ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు మెల్లగా పక్కకు ఒరిగిపోయాడు.

మాస్టారు ఒక్క ఊపులో ఎత్తుకున్నాడు. జీవితమంతా బరువులెత్తినవాడు, ఈ బరువు ఎంత తక్కువో చేతికి తెలిసిపోయింది. అలవాటు కొద్దీ వేళ్లు నడుమును వెతికాయి. పిండటానికి అక్కడ కొవ్వు లేదు, కండ లేదు, తోలు మాత్రం ఉంది. మొదటిసారి అతనికి భయం వేసింది. యజమాని తన కారు తెచ్చాడు. సీటు పాడవకుండా ముందు తువ్వాలు పరిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బావ కనురెప్పలు పైకెత్తి చూసింది, కడుపు నొక్కి చూసింది. మెట్ల మీదుగా పరుగున వచ్చిన మాస్టారి భార్య వైపు తిరిగింది.

“మనిషి ఎన్నాళ్ల నుంచి ఇలా చిక్కిపోతున్నాడమ్మా?”

“చిక్కలేదు డాక్టరుగారూ, తగ్గాడు. ఎన్నాళ్ల నుంచో మా ఆయన్ని అడగండి, ఆయనే తగ్గించారు.”

ఆమె గొంతు హెచ్చించలేదు, అతని వైపు చూడనూ లేదు. ముప్పై ఏళ్ల సంసారంలో మాస్టారు ఎన్ని మాటలు విసిరాడో. ఆమె విసిరింది ఆ ఒక్కటే. డాక్టరమ్మ సమాధానం కోసం అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఛాతీని అలా ముందుకు పెట్టుకుని నిలబడటం ఎంత అసహ్యంగా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

కడుపులో గడ్డ ముదిరిపోయిందన్నారు. బావ ఇంటికి తిరిగి రాలేదు. ఒక మధ్యాహ్నం చెల్లెలు మొహం తుడుస్తుంటే, “ఫ్లెక్సీ వేశారా?” అని అడిగి కళ్లు మూసుకున్నాడు.

వేశారు. యజమాని దాన్ని టైర్ల దుకాణం పైన రోడ్డుకు కనబడేలా కట్టించాడు. మనిషి పోయాడని తెలిశాక కూడా తీయించలేదు, ఫొటోలో బాగానే ఉన్నాడుగా అన్నాడు. దాన్ని చూసి కొత్తవాళ్లు చేరారు. మాస్టారి ఉద్యోగం నిలబడింది. బావ ఇస్తానన్నది ఇచ్చాడు.

ఇప్పుడు మెట్లెక్కి వచ్చినవాళ్లను మాస్టారు పిండి చూడటం లేదు. తిండి సయిస్తోందా అని అడుగుతాడు. వాళ్లకు అదేం ప్రశ్నో అర్థం కాదు. ముసలాయనకు చాదస్తం వచ్చిందనుకుంటారు.

బావ ప్యాంటును చెల్లెలు ఎప్పుడో వచ్చి పట్టుకెళ్లింది. బెల్టు మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో, అడిగే ధైర్యం అతనికి లేదు. అది తలుపు వెనక మేకుకు అలాగే వేలాడుతోంది. పాత బెజ్జాలు వాడి వాడి సాగిపోయాయి, చివరిదాని అంచులు మాత్రం డంబెల్ దెబ్బ పడ్డ సాయంత్రం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.