సిమెంటు మూటల బాలవాడి

1982 ఎండాకాలం. ఉద్దనపల్లి దాటినాక ఉండే రాళ్ళ క్వారీలో, నీళ్ళు నిలిచిన గుంతలోంచి మునిలక్ష్మమ్మ కూతుర్ని పైకి తీసినప్పుడు నేను ఆడనే ఉన్నాను. మూడేళ్ళ బిడ్డ. పేరు గౌరి. తల్లి ఇరవై అడుగుల దూరంలో కంకర జల్లి కొడుతుండింది. సుత్తి చప్పుళ్ళలో బిడ్డ పడింది ఎవరికీ వినబడలేదు.

కాంట్రాక్టరు ద్వారకనాథ్ జీపు దిగకుండానే అరిచినాడు: "పనికాడికి పిల్లోళ్ళను ఎవరు తెమ్మన్నారు?"

ఎవరూ పలకలేదు. పలకాల్సింది నేను. నేనూ పలకలేదు.

నా పేరు కాత్యాయని. హోసూరు బట్టలంగడి వాళ్ళ కూతుర్ని, ఆ ఊరి పసిపిల్లల బడి, బాలవాడిలో టీచర్ని. సర్కారు కట్టించిన బాలవాడి గది క్వారీ పక్కనే ఉంది. ద్వారకనాథ్ అందులో సిమెంటు మూటలు వేసి తాళం పెట్టుకున్నాడు. ఉద్యోగం పోతుందనే భయంతో, ఆ గదిలోనే బడి నడుస్తున్నదని రెండేళ్ళు నెలనెలా సంతకం పెట్టినాను.

ఆ తర్వాత క్వారీలో ఆడోళ్ళు ఉన్నట్టుండి సుత్తులు ఆపి గుంతవైపు చూసేవాళ్ళు. బిడ్డ పిలిచినట్టుంది అనేవాళ్ళు. మునిలక్ష్మమ్మ మాట్లాడేదే మానేసింది. నేను ఊళ్ళో అరుగు మీద నలుగురు పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు, గౌరి పేరులోని 'గ' దాటేసి ముందుకు పోయేదాన్ని.

కృష్ణగిరి పోయి, కూలోళ్ళ పిల్లలకు ఇంకో గది ఇప్పించమని పెద్దాఫీసరును అడిగినాను. "మనది పేద దేశమమ్మా, నిధుల్లేవు" అన్నాడు.

హోసూరులో కూలోళ్ళ యూనియన్ ఆఫీసులో ఒక చిన్న పుస్తకం దొరికింది. పసిపిల్లల బడికి స్వీడన్ దేశం పెట్టే ఖర్చునూ మన దేశం పెట్టే ఖర్చునూ పక్కపక్కన వేసినారు. మధ్యాన్నం కూటి వేళ దాన్ని పట్టుకొని క్వారీకి పోయినాను. ముందు నా సంతకాల సంగతి చెప్పినాను.

అందరికంటే పెద్దామె లక్ష్మక్క అడిగింది: "గౌరి పేరు నీ రిజిస్టర్లో ఉందా?"

"ఉంది లక్ష్మక్కా. చనిపోయిన దినం కూడా వచ్చినట్టే రాసినాను."

లక్ష్మక్క చేతిలోని ముద్దను గిన్నెలో పెట్టేసింది. నా చేతివైపు చూసి అన్నది: "ఆ పుస్తకం చదువు."

చదివినాను. కూలీ కొండప్ప తల అడ్డంగా ఊపినాడు. "అది దుడ్డుండే దేశం కదమ్మా. మనకూ వాళ్ళకూ పోలికేంది?"

"మొత్తం చూడొద్దు కొండప్పా. ఉన్నదాంట్లో పిల్లల వాటా ఎంతని చూడు. తల్లి పనికి పోతే బిడ్డను చూసేది సర్కారు బాధ్యతని ఆడ ముందే తీసి పెడతారు. ఈడ అన్నిటికీ పెట్టినాక మిగిలితే పెడతారు."

"ఆ మిగిలింది కూడా సిమెంటు మూటలకే" అన్నది పక్కనే కూర్చున్న సుబ్బక్క.

"ఆడ సర్కారు ఊరికే ఇచ్చిందా?" అడిగింది లక్ష్మక్క.

"లేదు. కూలోళ్ళు సంఘం కట్టి అడిగినారు. ఆడోళ్ళు వీధుల్లోకి వచ్చినారు."

లక్ష్మక్క చెయ్యి కడుక్కొని లేచింది. "లేయండి మరి."

నలభై మంది ఆడోళ్ళు సుత్తులతో బాలవాడి గది ముందుకు పోయినారు. తాళం మీద మొదటి దెబ్బ మునిలక్ష్మమ్మది. మూటలన్నీ బయట పడేసినాము. నేల చిమ్మి ఇరవైరెండు మంది పిల్లల్ని కూర్చోబెట్టినాము. సిమెంటు దుమ్ములో పిల్లలంతా బూడిద పూసుకున్నట్టు, దయ్యాల మాదిరి కనిపించినారు. మునిలక్ష్మమ్మ ఒక్కొక్కరి మొహమూ కొంగుతో తుడిచింది.

పోలీసులు వచ్చినారు. "తాళం పగలగొట్టింది ఎవరు?"

"నేను." అన్ని దినాలకు మునిలక్ష్మమ్మ నోరు తెరిచింది.

"నేను" అన్నది లక్ష్మక్క. "నేను" అన్నది సుబ్బక్క. నలభై గొంతులూ అదే మాట. నేను కూడా చెప్పినాను.

పోలీసు వ్యానులో పట్టినంత మందిమి, నేనూ మునిలక్ష్మమ్మా కలిసి ఏడుమందిమి, ఎక్కినాము. మిగతా వాళ్ళు పిల్లల్ని వెనక పెట్టుకొని గది వాకిట్లో కూర్చుండిపోయినారు.

దారిలో ఇంకో క్వారీ. కబురు ముందే అందినట్టుంది, ఆడోళ్ళు పని ఆపి రోడ్డు మీద నిలబడినారు. వ్యాను నెమ్మదించింది. మునిలక్ష్మమ్మ కిటికీ కమ్మీలకు మొహం ఆనించి అరిచింది:

"మీ బిడ్డలు యాడున్నారమ్మా? మీ ఊరి బాలవాడి యాడుంది? పోయి చూడండి!"

వ్యాను ముందుకు దూకింది. వెనక్కి తిరిగి చూసినాను. ఒకామె బిడ్డను చంకనేసుకొని రోడ్డు దిగి ఊరివైపు నడిచింది. ఆమె వెనకాలే మిగతావాళ్ళు.