ఆడవాళ్ళు ఏదో మాట్లాడుకుంటారు

"ఈ చివరి అధ్యాయం టైపు కొట్టేస్తే నవల అయిపోయినట్టే. మధ్యలో ఆరు చోట్ల ఖాళీలున్నాయి, నువ్వు చూసుకో. ఐదింటికల్లా పంపేయాలి," అని భర్త కాగితాలు భోజనాల బల్ల మీద పెట్టి, కునుకు తీయడానికి లోపలికి వెళ్ళాడు.

ఆయన నవలా రచయిత. ఆమె ఆయన భార్య, టైపిస్టు, ప్రూఫులు దిద్దే మనిషి కూడా. నడుం నొప్పి అంటే అత్తగారు నవ్వేది. "వాడు బుర్ర బద్దలు కొట్టుకుని రాస్తాడు. నువ్వు టకటకా కొట్టడమేగా!"

ఖాళీల సంగతి పెళ్ళయిన రెండో ఏట మొదలైంది. కథలో ఆడవాళ్ళు నోరు విప్పాల్సిన చోటల్లా ఆయన కలం మొరాయించేది. బ్రాకెట్లో 'ఇక్కడ ఆడవాళ్ళు ఏదో మాట్లాడుకుంటారు' అని రాసి ముందుకు దూకేసేవాడు. ఆ 'ఏదో' ఆమె రాసేది. మూడు నవలలు అలాగే వచ్చాయి. మూడోదానికి బహుమతి ఇచ్చిన సభలో వక్త, "స్త్రీ మనసు లోతు తెలిసిన రచయిత" అన్నాడు. ఆయన వినయంగా తల వంచాడు. కృతజ్ఞతల పేజీలో పక్కింటి పిల్లికి కూడా చోటు దొరికింది. ఆఖరి వరుసలో 'ఓపిగ్గా టైపు చేసిన నా శ్రీమతికి' అని ఉంది. ఆ రోజు ఆమెకు ఒళ్ళు మండింది. కొన్నాళ్ళకు చల్లారింది. చల్లారాక తన నవల మొదలుపెట్టింది.

అదీ ఇవాళే వెళ్ళాలి. ప్రచురణ సంస్థ ఒకటే, గడువూ ఒకటే. అక్షరాల సైజు పన్నెండు, వరుసల మధ్య రెట్టింపు ఎడం, చుట్టూ అంగుళం మార్జిన్, ప్రతి పేజీ పైన రచయిత పేరు. నిబంధనలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అలవాటు కొద్దీ ఆయన పాత ఫైలు తెరిచి, అందులోది చెరిపేసి, తనది పెట్టింది. కిందికి జరుపుకుంటూ పోతే అప్పుడు కనపడింది. రెండొందల పదకొండు పేజీల నెత్తినా ఆయన పేరే కూర్చుని ఉంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుందని తెలుసు. అయినా మార్చాక ఒక్కో పేజీ చూసుకుంటూ చివరిదాకా వెళ్ళింది. తన పేరు అన్నిసార్లు వరసగా ఆమె ఎన్నడూ చూడలేదు.

నాలుగింటికి ఆమెది వెళ్ళిపోయింది.

తర్వాత ఆయనది. మొదటి ఖాళీలో, తల్లి పోయాక అక్కాచెల్లెళ్ళు ఆవిడ బట్టలు మడతపెడుతున్నారు. అక్క ఏమంటుందో ఆమెకు తెలుసు. చెల్లెలు ఏమనకుండా ఊరుకుంటుందో కూడా తెలుసు. మాటలు వేళ్ళ చివరిదాకా వచ్చాయి. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత మార్జిన్లు సరిచేసింది, పేజీ నంబర్లు వేసింది, ఆరు బ్రాకెట్లనూ ఆయన రాసినట్టే పన్నెండు సైజులో శుభ్రంగా కొట్టి, పంపేసింది.

ఐదు దాటాక ఆయన ఆవలిస్తూ వచ్చాడు.

"వెళ్ళిపోయిందా? అన్నీ ఉన్నాయిగా?"

"మీరు రాసింది మొత్తం ఉందండీ," అంది ల్యాప్‌టాప్ మూస్తూ. "ఒక్క అక్షరం కూడా కలపలేదు."